ఎర్ర సిరా అంకె, కొత్త టీవీ

ముందుగా ఒక దిద్దుబాటు. పోయిన దీపావళికి ఇక్కడ పెట్టిన వ్యాసంలో మా ముత్తాత సోలాపూర్‌కు వచ్చింది 1922లో అనీ, పదేళ్లు ఒక్కడే ఉండి ఆ తర్వాత భార్యాపిల్లలను తెచ్చుకున్నాడనీ రాశాం. రెండూ తప్పే. వచ్చింది 1932లో, అందరూ కలిసే వచ్చారు. ఆ వ్యాసం చెప్పింది మా బాపు, టైపు చేసింది నేను. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. చివరికి దొరికింది, మా ముందర గదిలో గోడకు వేలాడుతున్న 32 అంగుళాల టీవీలో.

ఆ టీవీ మాకు పదేళ్లు ఎట్లా తగ్గించింది, దాని చోట ఇంకొకటి కొనడానికి ఏమేం చూశాం అన్నదే ఈసారి సంగతి. ఒకే టీవీ మీద సినిమా చూసేవాళ్లు, ఆటలు ఆడేవాళ్లు, కంప్యూటర్ తగిలించుకొని చదువుకునేవాళ్లు ఉన్న ఇండ్లు మనలో చాలానే ఉంటాయి గనక కొంచెం వివరంగానే రాస్తున్నా.

బాపు చాదర్ల కారఖానాలో డిజైన్ మాస్టర్‌గా ముప్పై ఏళ్లు పనిచేశాడు. జకార్డ్ చాదర్ మీద నెమలి రావాలన్నా పువ్వు రావాలన్నా ముందు అది గ్రాఫ్ కాయితం మీద గడి గడిగా రావాలి. గడి నింపితే ఆ చోట పడుగు పోగు లేస్తుంది, వదిలేస్తే లేవదు. ఆ కాయితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. 400 కొక్కేల జకార్డ్ అయితే అడ్డంగా 400 గడులు. అంతకంటే సన్నపు గీత ఆ చాదర్‌లో దేవుడు దిగివచ్చినా రాదని బాపు అంటుండేవాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

రెండేళ్ల కింద రెండు కండ్లకూ మోతిబిందు ఆపరేషన్ అయింది. దూరం బాగానే కనబడుతుంది, దగ్గరికి అద్దాలు కావాలి. ల్యాప్‌టాప్ అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే నేను హెచ్‌డీఎంఐ తీగ పెట్టి టీవీకి కలిపి ఇచ్చాను. అప్పటినుంచి పొద్దున చాయ్ తాగుకుంటూ టీవీ మీదనే తెలుగు పేపర్ చదవడం అలవాటయింది. "పేపర్ల కింది వరుస ఎక్కడ పోయిందిర?" అని మాత్రం రోజూ అడిగేవాడు. నాకు అంత పట్టింపు లేకపోయింది.

ఈ మధ్యలో మా ముత్తాత లెక్కల పుస్తకం బయటపడింది. ఒక అడుగు పొడుగు పుస్తకం, గొలుసుకట్టు రాత. నేను నాలుగో తరగతి దాకా తెలుగు బడిలో చదివినవాణ్ణి, అచ్చు అక్షరాలైతే చదువుతాను, రాస్తాను. గొలుసుకట్టు నాకు రాదు. మా వాడికి తెలుగు మాట్లాడడమే వచ్చు, అదీ సగం మరాఠీ కలిపి. ఆ పుస్తకం చదవగలిగే మనిషి మా ఇంట్లో బాపు ఒక్కడే. పుస్తకం తాకితే అంచులు రాలుతున్నాయని ప్రతి పేజీనీ స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టాను. బాపు టీవీ ముందర కుర్చీ వేసుకొని చదువుతుంటే నేను రాసుకునేవాణ్ణి.

మొదటి పేజీ మీద సంవత్సరం ఎర్ర సిరాతో, తెలుగు అంకెల్లో ఉంది. బాపు ౧౯౨౨ అని చదివాడు. మా తాత 1924లో ఊర్లో పుట్టినవాడు, ఎనిమిదేళ్ల వయసులో సోలాపూర్ వచ్చానని చెప్పేవాడు. రెంటికీ పొత్తు కుదరాలంటే ఒక్కటే దారి. ముత్తాత ముందు ఒక్కడే వచ్చి ఉండాలి, పండుగలకు ఊరికి పోయి వస్తూ ఉండాలి. అట్లాగే రాశాం.

వారం తిరక్కముందే పుణె నుంచి అత్త ఫోన్.

"అన్నా, నాయినమ్మను పదేండ్లు ఊర్ల విడిచిపెట్టిండని రాసినవ్, నీకు ఎవరు చెప్పిండ్రు? అందరు కల్సే బండెక్కిండ్రు. వాడీ జంక్షన్ల బండి మారేటప్పుడు మూట నాయిన నెత్తి మీద పెట్టిండ్రు. గది ఎన్నిమార్లు చెప్పలే మనకు?"

"నాయినది నోటి మాటనే, ఇది రాత" అన్నాడు బాపు.

"రాత సరిగ్గ చదివితె గదా" అని అత్త పెట్టేసింది.

ఆ మాట గట్టిగా తగిలింది. మరుసటి రోజు నేను ఆఫీసులో ఆ పేజీని తెరిచి చూస్తే ౧౯౩౨ అని చక్కగా కనబడుతోంది. ౨కూ ౩కూ తేడా కింద ఒక్క మెలిక. ఇంటికి వచ్చి ఫోన్‌లో ఆ అంకెను పెద్దది చేసి చూపించాను. చూపించకపోయి ఉంటే బాగుండేదేమో. "నువ్వు గింత పెద్దగ చేస్తే ఎవడన్న చదువుతడు. నా కండ్లు అయిపోయినయ్ రా" అన్నాడు. పుస్తకాన్ని బట్టలో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. నూట పది పేజీల్లో పద్నాలుగే అయ్యాయి. పొద్దున పేపర్ కూడా బంద్.

పేజీని పెద్దది చేసుకొని చదివితే ఈ గొడవ ఉండేది కాదన్నది నిజమే. కానీ గొలుసుకట్టు ముక్కలు ముక్కలుగా చూస్తే చదవవశం కాదట. పైవరుస, కిందివరుస, పక్కన అణాల లెక్క, అన్నీ కలిసి కనబడితేనే మాట తెలుస్తుందట. బాపుకు పేజీ మొత్తం ఒక్కసారి కావాలి.

నాకు పట్టుకున్న అనుమానం టీవీ మీద. హెచ్‌డీ రెడీ అని కొన్న టీవీ అది. అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. ఒక అడుగు పేజీని మొత్తం ఆ 768 వరుసల్లో కూర్చోబెడితే, అయిదు మిల్లీమీటర్ల అంకెకు వచ్చేవి పన్నెండో పదమూడో వరుసలు. దాని మీద ఇంకో పాపం ఉంది. చాలా టీవీలు వచ్చిన బొమ్మను వచ్చినట్టు చూపించవు. ప్రతి చుక్క వెలుగు ఎంతో లెక్క పెట్టుకుంటాయి గానీ రంగును మాత్రం అడ్డం రెండు, నిలువు రెండు, నాలుగు చుక్కలకు కలిపి ఒకటే ఉంచుతాయి. సినిమాలు, చానళ్లు మన దాకా వచ్చేదే అట్లా. మనిషి కన్ను వెలుగులో తేడాను పట్టుకున్నంత బాగా రంగులో తేడాను పట్టుకోదు గనక సినిమాలో అది తెలియదు. అక్షరాల్లో తెలుస్తుంది. నల్ల అక్షరం తెల్ల కాయితం మీద ఉంటే ఫరవాలేదు. మా పుస్తకంలో ఎర్ర సిరా వెలిసిపోయింది, కాయితం గోధుమ రంగుకు తిరిగింది. వెలుగులో రెంటికీ పెద్దగా తేడా లేదు, ఉన్న తేడా అంతా రంగులోనే. ఆ రంగునే టీవీ నాలుగిండ్లకు ఒక కుండ లెక్కన పంచుతోంది.

ఇదంతా బాపుకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. చివరికి ఒక ఆదివారం అలమారాలో మిగిలిన గ్రాఫ్ కాయితం తీసి ముందర పెట్టాను. "బాపూ, పదమూడు గడుల ఎత్తుల ౨ గియ్యి, పక్కన ౩ గియ్యి" అన్నాను. ఎందుకని అడగకుండానే పెన్సిల్ తీసుకున్నాడు. చేతికి అలవాటైన పని గదా, రెండు నిమిషాల్లో రెండు అంకెలూ లేచాయి. "ఇప్పుడు నాలుగు గడులకు ఒకటే రంగు. సగం కంటే ఎక్కువ నిండినయి నింపు, తక్కువ నిండినయి తుడువు" అన్నాను. బాపు రబ్బరు తీసుకొని ఒక్కో నాలుగు గడులనూ సరిచేసుకుంటూ పోయాడు. పైనుంచి కిందికి వచ్చేసరికి ౩ కింది మెలిక రెండు గడుల్లో నలిగి మాయమైంది. పక్క పక్కన రెండు ౨లు కూర్చున్నాయి.

చాలాసేపు కాయితం చూస్తూ ఉండిపోయాడు.

"గిట్ల డిజైన్ ఇస్తే మా సేఠ్ నన్ను ఆ దినమే ఇంటికి పంపుతుండె" అన్నాడు. కాసేపాగి, "టీవీ ఎంతకు వస్తది?" అన్నాడు.

నా వంతు తప్పు కూడా ఒప్పుకోవాలి. బాపుకు అక్షరాలు స్పష్టంగా కనబడాలని నేనే ఆ టీవీలో షార్ప్‌నెస్‌ను చివరిదాకా పెంచి పెట్టాను. షార్ప్‌నెస్ కొత్తగా వివరం ఏమీ తేదు, ఉన్న గీత పక్కన తెల్లటి అంచు ఒకటి గీస్తుంది. సన్నపు సందులు ఉన్న అక్షరానికి అది శత్రువు. పేపర్‌లో కింది వరుస పోవడానికీ కారణం ఉంది. డబ్బా టీవీల కాలంలో బొమ్మ అంచులు వంకర పోతాయని నాలుగు పక్కలా కొంచెం కత్తిరించి చూపించేవారు. ఆ అలవాటు పలక టీవీలకూ వచ్చింది. సెట్టింగుల్లో 'జస్ట్ స్కాన్' అనో 'స్క్రీన్ ఫిట్' అనో ఉంటుంది, అది పెడితే పోయిన వరుస తిరిగి వస్తుంది. బాపు రోజూ అడిగినా నేను వెతకలేదు.

సరే, కొత్తది కొనాలి. నలభై వేలు దాటొద్దు. బాపు సంగతి ఒక్కటే అయితే పెద్ద మానిటర్ కొంటే తీరిపోయేది. కానీ టీవీ అన్నాక ఇంట్లో అందరిదీ.

అమ్మకూ మా ఇంటామెకూ సినిమాలు. ఇక్కడ తెలుగు సినిమా అంటే ఏమిటో ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న చుట్టాలకు చెప్పినా అర్థం కాదు. దూరదర్శన్‌లో మాకు వచ్చేవి హిందీ, మరాఠీ. 1995లో తెలుగు శాటిలైట్ చానళ్లు మొదలయ్యాక, కేబుల్ వాడు వాటిని మా గల్లీకి ఇచ్చాక, అమ్మ ఇంట్లో కూర్చొని తెలుగు వినడం మొదలైంది. అప్పటినుంచి టీవీ అంటే అమ్మకు పుట్టింటి కిటికీ. ఆమెకు చుక్కలతో పని లేదు, నలుపు నలుపుగా ఉండాలి, మొహాలు మొహాల్లా ఉండాలి.

మా వాడికి పదిహేనేళ్లు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్లేస్టేషన్ 4 ఉంది. వాడి బాధ ఇంకొకటి. బటన్ నొక్కిన తర్వాత తెర మీద మనిషి ఎగరడానికి టీవీ ఆలస్యం చేస్తుంది. బొమ్మకు మెరుగులు దిద్దడానికి టీవీ తీసుకునే సమయం అది. కొన్ని టీవీల్లో సెకండులో పదో వంతు దాటుతుంది. గేమ్ మోడ్ పెడితే ఆ మెరుగులన్నీ ఆపి 20 మిల్లీసెకన్ల లోపలికి తెస్తుంది. బాపుకు ఇదీ చప్పున ఎక్కింది. "తాడు గుంజితే కొక్కెం లేవాలె. ఆలోచించుకొని లేస్తే ఏం నేస్తవ్?" అన్నాడు. తాతా మనవళ్లు ఒక విషయం మీద ఒప్పుకోవడం చాలా రోజులకు చూశాను.

నవీ పేఠ్‌లో మొదటి దుకాణంలో అన్ని టీవీల మీదా ఒకటే వీడియో తిరుగుతోంది. నియాన్ రంగుల చేపలు, తేనె కారడం, ఎడారి మీద సూర్యుడు. అన్నీ కండ్లు చెదిరేటట్టే ఉన్నాయి. దుకాణం కోసం రంగులూ వెలుగూ చివరిదాకా పెంచిన మోడ్ అది. దాన్ని చూసి టీవీ ఎంచుకోవడం, ట్యూబ్‌లైట్ల కింద చీర రంగు ఎంచుకోవడం లాంటిది. నా ల్యాప్‌టాప్ తగిలించి చూపిస్తారా అని అడిగితే వీలుకాదన్నారు. చాయ్ మాత్రం ఇచ్చారు.

రెండో దుకాణం కుర్రాడు మంచివాడు, అంతకుమించి తీరికగా ఉన్నాడు. నేను ఇంట్లోనే రెండు బొమ్మలు తయారు చేసుకొని పోయాను. ఒకటి లెక్కల పుస్తకం మొదటి పేజీ. రెండోది పెయింట్‌లో నీలం అడుగు మీద ఎర్ర అక్షరాలతో రాసిన నాలుగు మాటలు: భూమి, ధాన్యం, ఫలం, ఢంకా. బ కూ భ కూ, ద కూ ధ కూ, ప కూ ఫ కూ, డ కూ ఢ కూ తేడా చిన్న పొల్లులోనే గదా. నీలం మీద ఎరుపు అయితే రంగు పంచుకునే టీవీ వెంటనే దొరికిపోతుంది. మీరు ఏ టీవీ కొన్నా, కంప్యూటర్‌కు వాడే ఉద్దేశం ఉంటే ఇట్లాంటి బొమ్మ ఒకటి పెన్‌డ్రైవ్‌లో కాదు, ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకొని పొండి. పెన్‌డ్రైవ్ బొమ్మను టీవీ తన సొంతంగా తెరుస్తుంది, తీగ దారిలో వచ్చేదాన్ని ఏం చేస్తుందో అది చెప్పదు.

మొదటి టీవీ మీద ధాన్యం దాన్యంలాగే ఉంది. కుర్రాడు "సార్, ఇది 4కే" అని రెండుసార్లు చెప్పాడు. 4కే అంటే 3840 అడ్డం, 2160 నిలువు, ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలు. నిజమే, కానీ చుక్కలు ఎన్ని ఉన్నా రంగు పంచితే పంచినట్టే. నేను రిమోట్ తీసుకొని ఆ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చాను. శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీల్లో ఈ చిట్కా చాలా కాలంగా ఉన్నదే. తగిలింది కంప్యూటర్ అని తెలిస్తే టీవీ ప్రతి చుక్కకూ దాని రంగు దానికే ఇస్తుంది. ధాన్యం కింద పొల్లు లేచి కూర్చుంది. కుర్రాడు పక్క కౌంటర్ నుంచి ఇంకొకణ్ణి పిలిచి చూపించాడు. వేరే కంపెనీ టీవీ ఒకటి దీనికన్నా నాలుగు వేలు తక్కువ, చూడడానికి ఇంకా మెరిసిపోతోంది. దాంట్లో ఏం మార్చినా అక్షరాలు అలికినట్టే ఉన్నాయి. అది పక్కకు పోయింది.

ఇక తెర రకం. ఎల్ఈడీ టీవీల్లో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాల పలకలు ఎక్కువ. వీఏలో నలుపు మంచి నలుపు, రాత్రి లైట్లు ఆర్పి సినిమా చూసేవాళ్లకు అదే మేలు. కానీ పక్కనుంచి చూస్తే రంగులు పాలిపోతాయి. ఐపీఎస్‌లో నలుపు బూడిద కలిసినట్టు ఉంటుంది గానీ ఏ పక్కనుంచి చూసినా బొమ్మ ఒకటే. మా ముందర గది చిన్నది. బాపు కుర్చీ టీవీకి ఎదురుగా అయిదడుగుల దూరంలో ఉంటుంది, అమ్మ వంటింటి గడప మీద కూర్చొని చిక్కుడుకాయ ఏరుకుంటూ చూస్తుంది. నేను వీఏ వైపు మొగ్గాను. "నేను గడప దిగను" అని అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది.

ఓఎల్ఈడీ అందరికన్నా అందంగా ఉంది, ధర మా లెక్కకు అందదు. అందినా కొనేవాణ్ణి కాదు. బాపు మూడు గంటలు ఒకటే పేజీ పెట్టుకొని కూర్చుంటాడు, కింద కంప్యూటర్ పట్టీ కదలకుండా ఉంటుంది. అట్లా రోజూ ఒకే బొమ్మ ఒకే చోట నిలబడితే ఓఎల్ఈడీ మీద దాని నీడ ముద్ర పడిపోయే భయం ఉంది.

సైజు విషయంలో మా వాడు 55 అన్నాడు. నేను టేపు పెట్టి లెక్క వేశాను. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీని అయిదున్నర అడుగుల కన్నా దగ్గర నుంచి చూస్తే మంచి కంటికి చుక్కలు విడివిడిగా తెలియడం మొదలవుతుంది. బాపు కూర్చునేది అంతకన్నా దగ్గర. అందుకే 4కే మా ఇంట్లో ఆడంబరం కాదు, అవసరం. అదే పది అడుగుల దూరం నుంచి సీరియళ్లు మాత్రమే చూసే ఇల్లయితే 43కు 4కే పెట్టి డబ్బు పోగొట్టుకోనక్కర్లేదు. 55 అయితే అయిదడుగుల నుంచి పేజీ చదవడానికి తల అటూ ఇటూ తిప్పాలి. 43 అంగుళాల 4కే ఐపీఎస్ తీసుకున్నాం. 120 హెర్ట్జ్ కావాలని మా వాడు మొహం మాడ్చుకున్నాడు గానీ, వాడి ప్లేస్టేషన్ ఇచ్చేదే 60. ఉన్న సాంచకు తగ్గ దారమే కొనాలని బాపు సర్దిచెప్పాడు.

ఇంటికి తెచ్చాక ఒక చిక్కు వచ్చింది. మా ల్యాప్‌టాప్ పాతది, దాని హెచ్‌డీఎంఐ 1.4. అది 4కే బొమ్మను సెకండుకు 30 సార్లే పంపగలదు, 60 కావాలంటే 2.0 ఉండాలి. మౌస్ బాణం ఈడ్చుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. ల్యాప్‌టాప్ మార్చాలేమో అనుకున్నా. బాపు రెండు నిమిషాలు తిప్పి చూసి, "పేజీ ఏమన్న ఉరుకుతదా? చాలు" అన్నాడు. అక్షరాలను విండోస్‌లో 225 శాతానికి పెంచాను. షార్ప్‌నెస్‌ను ఈసారి సున్నా దగ్గరికి దించాను.

మొదటి రాత్రి అమ్మ పాత సినిమా పెట్టుకుంది. పది నిమిషాలకు "ఇది సినిమా లెక్క లేదు, సీరియల్ లెక్కున్నది" అంది. ఆమె పట్టుకున్నది సరిగ్గానే ఉంది. సినిమా తీసేది సెకండుకు 24 ఫ్రేములతో. టీవీ మధ్యలో లేని ఫ్రేములను తానే కల్పించి నున్నగా చేస్తుంది, కొత్త టీవీల్లో అది తెరిచే వస్తుంది. 2018లో టామ్ క్రూజ్ కూడా దాన్ని ఆపెయ్యమని ఒక వీడియో చేశాడు. మా అమ్మకు టామ్ క్రూజ్ ఎవరో తెలియదు, చెప్పకుండానే తెలిసింది. ఆపేశాను. ఆ తర్వాత పైనా కిందా నల్ల పట్టీలు ఎందుకని ఇంకో తగువు. మొదటి తెలుగు సినిమాస్కోప్ 1974 నాటి అల్లూరి సీతారామరాజు. ఆ కొలతలో తీసిన బొమ్మ ఈ తెరకన్నా వెడల్పు, అది ఇమడాలంటే పట్టీలు తప్పవు. పాత టీవీలో ఎవరో జూమ్ పెట్టి ఉంచితే, ఇన్నేళ్లూ మేము పక్కన నిలబడ్డవాళ్లను కోసేసి సినిమాలు చూశామన్నమాట. అమ్మ ఈ వివరణకు ఒప్పుకోలేదు. పట్టీలు అట్లాగే ఉన్నాయి.

మర్నాడు బాపు స్నానం చేసి, పెట్టెలోంచి పుస్తకం తీసి పక్కన పెట్టుకొని, టీవీ మీద మొదటి పేజీ తెరిపించాడు. ఈ తెర మీద అంకెకు ముప్పై అయిదు వరుసలు, ఏ చుక్క రంగు దానిదే. పేజీ మొత్తం ఎదురుగా ఉంది, పెద్దది చేయలేదు. "౧... ౯... ౩... ౨" అని ఒక్కో అంకె మీదా వేలు గాలిలో తిప్పి చదివాడు. ఫోన్ తానే తీసుకొని పుణెకు కలిపాడు.

"చెల్లె, నువ్వు చెప్పిందే ఖరే. అందరు కల్సే వచ్చిండ్రు."

అవతల ఏమన్నదో వినబడలేదు. బాపు "నా కండ్లు మంచిగనే ఉన్నయ్" అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

పోయిన వారం ఇంకో గండం. పొద్దున్నే అక్షరాలు మళ్లీ అలికినట్టున్నాయని బాపు గొంతు మారింది. నేను పరుగెత్తి చూస్తే, మా వాడు తాత మీద ప్రేమకొద్దీ ఇన్‌పుట్ పేరు పీసీ తీసేసి "తాత" అని పెట్టాడు. ఆ పేరు టీవీకి తెలియదు, మామూలు ఇన్‌పుట్ అనుకొని రంగులు పంచడం మొదలుపెట్టింది. ఇప్పుడు మళ్లీ పీసీ అనే ఉంది, దాన్ని ముట్టొద్దని రిమోట్ వెనుక చీటీ అతికించాను.

ఏడు గంటల తర్వాత టీవీ మా వాడిది అని ఒప్పందం. బాపు రోజూ ఏడున్నర చేస్తున్నాడు. ఇరవై రెండో పేజీలో ఉన్నాడు, రైలు చార్జీలకు ఊర్లో ఎవరెవరు ఎంత బదులిచ్చారో ఆ లెక్క. నాలుగో పేరు దగ్గర పురుగు తిన్న రంధ్రం ఉంది, చివరి అక్షరం ఒక్కటే మిగిలింది. అది య్య అని బాపు, మ్మ అని అత్త. స్కాన్ ఆమెకు పంపాను, ఆమె ఫోన్‌లో చూస్తోంది.